డిష్‌వాషర్‌లో నీళ్లు నిలుస్తున్నాయా? పంపు మార్చే ముందు ఒక బకెట్ పెట్టి చూడండి

మీరు అడిగింది ఇదీ. విశాఖ మధురవాడలో అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. పదమూడు సెట్టింగుల, అంటే పదమూడు మంది భోజనం గిన్నెలు పట్టే డిష్‌వాషర్ కొని మూడేళ్లయింది. దసరాకి వంటిల్లంతా కడిగించిన దగ్గర్నుంచి, ప్రోగ్రాం అయిపోయాక కూడా అడుగున మురికి నీళ్లు ఉండిపోతున్నాయి. రెండు మూడుసార్లు తలుపు కింద నేల కూడా తడిసింది. వచ్చిన మెకానిక్ పది నిమిషాలు చూసి "పంపు పోయిందండీ, మార్చేద్దాం" అన్నాడు. మార్చమంటారా, వద్దా?

ఇప్పుడే వద్దు. పంపు నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ వెనకున్న పైపు చేత్తో తడిమి చూడకుండా ఆ మాట చెప్పడానికి లేదు. నేను స్టీల్ ప్లాంటులో పంపుల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కాలక్షేపంగా మొదలుపెట్టిన ఇళ్లలో మెషిన్ల రిపేరు ఇప్పుడు పూర్తి పనే అయిపోయింది. ప్లాంటులో గదంత పంపు దగ్గరా, మీ ఇంట్లో అరచేతిలో పట్టే పంపు దగ్గరా జరిగేది ఒకటే. నీళ్లు పోకపోతే అందరి చూపూ పంపు మీదకే పోతుంది. తీరా విప్పితే పంపు శుభ్రంగా ఉంటుంది, దాని ముందో వెనకో ఏదో అడ్డం పడి ఉంటుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. అడుగున ఎన్ని నీళ్లు ఉంటున్నాయి? ఫిల్టర్ పైకి తీస్తే దాని కింద గుంటలో ఒక గ్లాసో గ్లాసున్నరో నీళ్లు కనిపిస్తే అది లోపం కాదు. పంపు సీళ్లు ఎండిపోకుండా ఆ కాస్త నీరు అక్కడ ఉంటుంది. ఆ గ్లాసుడు నీళ్లు చూసి కంగారుపడి నన్ను గాజువాక దాకా పిలిపించినవాళ్లున్నారు. ఫిల్టర్ చుట్టూ ఉండే చదునైన జల్లెడ మునిగేటట్టు, తలుపు తీయగానే కనబడేటట్టు నీళ్లు ఉంటే మాత్రం అది డ్రెయిన్ సమస్యే. మీరు "మురికి నీళ్లు నిలుస్తున్నాయి" అన్నారు కాబట్టి ఇదే అనుకుంటున్నాను.

ఇక బకెట్ పరీక్ష. ముందు మెషిన్ ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. లోపల నిలిచిన నీళ్లు మగ్గుతో, స్పాంజితో తోడేయండి. తర్వాత మెషిన్ డ్రెయిన్ పైపు ఎక్కడికి వెళ్తోందో వెతకండి. సింకు కింద వేస్ట్ పైపుకి తగిలించి ఉంటుంది, లేదా యుటిలిటీలో నహానీ ట్రాప్‌లోకి, అంటే నేల మీద జాలీ ఉండే తూములోకి వదిలేసి ఉంటారు. ఆ చివరని ఊడదీసి ఒక బకెట్‌లో పెట్టండి. బకెట్ నేల మీద కాదు, పీట మీదో చిన్న స్టూలు మీదో ఉండాలి, పైపు చివర నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉండాలి. పైపుని బకెట్ చెవికి తాడుతో కట్టేయండి. పంపు మొదలవగానే అది పాములా ఎగిరిపడుతుంది, ఆ మురికి మీ మొహాన పడుతుంది. ఇప్పుడు లోపల మూడు నాలుగు లీటర్ల నీళ్లు పోసి, ప్లగ్గు పెట్టి, క్యాన్సిల్ లేదా రీసెట్ నొక్కండి. చాలా మెషిన్లలో స్టార్ట్ బటన్‌ని మూడు నాలుగు సెకన్లు పట్టుకుంటే డ్రెయిన్ మొదలవుతుంది.

పంపు బాగుంటే ఆ నాలుగు లీటర్లూ నిమిషం తిరక్కుండా బలంగా దూకుతాయి. అలా దూకితే మీ మెషిన్‌కి ఏ జబ్బూ లేదు, జబ్బు ఇంటి పైపుల్లో ఉంది. సన్నటి ధారగా వచ్చినా, అసలు రాకపోయినా లోపం మెషిన్‌లో లేదా దాని పైపులో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం తేలిపోతుంది. మీ మెకానిక్ చేయనిది ఇదే.

ముందు మెషిన్ పైపు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన "దసరా" అన్న మాట దగ్గర నా అనుమానం ఆగింది. పండక్కి మెషిన్‌ని బయటికి లాగి, వెనకాల కడిగి, మళ్లీ గోడకి ఆనించి నెట్టేసి ఉంటారు. అలా నెట్టినప్పుడు ముడతల డ్రెయిన్ పైపు మెషిన్‌కీ గోడకీ మధ్య నలిగి మడతపడుతుంది. పూర్తిగా మూసుకుపోదు, సగం మూసుకుంటుంది. అందుకే కొన్నిసార్లు నీళ్లు పోతాయి, కొన్నిసార్లు మిగులుతాయి. మెషిన్‌ని ఒక జానెడు ముందుకి లాగి, పైపు మొత్తం పొడవునా చేత్తో తడిమి చూడండి. మడత ఉన్నచోట వేలికి తెలుస్తుంది. ఒకసారి గట్టిగా మడతపడిన పైపు ఆ చోటే మళ్లీ మళ్లీ విరుగుతుంది కాబట్టి, సరిచేసి వదిలేయకండి, మార్చేయండి. డాబా గార్డెన్స్ వైపు స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది. పాత పైపు చివరలు రెండూ ఫోటో తీసి పట్టుకెళ్లండి, రెండు చివర్ల సైజులూ ఒకటి కావు. పొడవు ఎక్కువుంటే మంచిదే కదా అని ఎనిమిది పది అడుగులు అతుకు వేయించకండి. ఈ బుల్లి పంపు అంత దూరం నెట్టలేదు.

ఇక మొదటి రకం, బకెట్‌లోకి నీళ్లు బాగానే దూకాయనుకోండి. పైపు సింకు కింద తగిలించినవాళ్లకి ఒక గొడవ ఉంటుంది. నాలుగేళ్ల కిందట సీతమ్మధారలో ఒక ఇంటికి వెళ్లాను. వాళ్లు అప్పటికే రెండు పంపులు మార్పించారు. రాత్రి మెషిన్ ఖాళీ అవుతుంది, శుభ్రంగానే ఉంటుంది, పొద్దున్న తలుపు తీస్తే నీళ్లు! ఆ నీళ్లు చూస్తే తెల్లగా, పలచని పాలలా ఉన్నాయి. ఆవిడని అడిగాను, "పొద్దున్నే బియ్యం కడిగారామ్మా?" అని. కడిగారు. ఆ కడుగు నీళ్లే సింకులోంచి వేస్ట్ పైపుకి వచ్చి, అక్కడ జిడ్డు అడ్డం పడి ముందుకి పోలేక, డిష్‌వాషర్ పైపులోంచి వెనక్కి తిరిగి మెషిన్‌లో చేరాయి. అంటే మెషిన్ తన నీళ్లు తాను వదిలేస్తోంది, సింకు నీళ్లు దాంట్లోకి వస్తున్నాయి. పంపులు ఎన్ని మార్చినా అది ఆగదు కదా.

మీ ఇంట్లో అదేమో చూడాలంటే సులువు. మెషిన్ లోపల పొడిగా తుడిచేయండి. సింకులో బిందెడు నీళ్లు పోసి, అందులో చిటికెడు పసుపు కలిపి, ఒక్కసారిగా వదలండి. పది నిమిషాలాగి మెషిన్ తలుపు తీయండి. అడుగున పచ్చగా కనిపిస్తే దొంగ దొరికినట్టే. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, సింకు కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ విప్పి జిడ్డు తీయించడం. రెండు, డ్రెయిన్ పైపుని సింకు కిందకి నేరుగా తీసుకెళ్లకుండా ముందు గ్రానైట్ పలక అడుగు దాకా పైకి లేపి, అక్కడ ఒక క్లిప్పు కొట్టి, తర్వాత కిందకి దించి వేస్ట్ పైపుకి కలపడం. ఆ వంపు ఉంటే సింకు నీళ్లు అంత ఎత్తు ఎక్కి రాలేవు. ఇంత చిన్న పని బిగించేటప్పుడే చేయాలి, చాలామంది చేయరు.

సింకులో ఆ డ్రెయిన్ పొడి, యాసిడ్ లాంటివి వేసే అలవాటుంటే మెషిన్ పైపు ఊడదీసి, ఆ నోరు మూసి మరీ వేయండి. అదే దారిలో ఆ మందు మెషిన్‌లోకి వెళ్తే రబ్బర్లు, సీళ్లు తినేస్తుంది.

యుటిలిటీలో నహానీ ట్రాప్‌లోకి వదిలినవాళ్లకి దీనికి పూర్తిగా తిరగబడ్డ సమస్య వస్తుంది. పైపు చివర నేల మీద, మెషిన్‌లో నీటిమట్టం కంటే కింద ఉంటుంది. ఒకసారి పంపు నీళ్లు నెట్టాక, పంపు ఆగినా నీళ్లు వాటంతటవే లాక్కుపోతూనే ఉంటాయి. డ్రమ్ములోంచి డీజిల్ పైపుతో లాగితే ఆగకుండా వస్తుంది చూడండి, అదే. మెషిన్ ఒకపక్క నీళ్లు పడుతుంటుంది, మరోపక్క అవి పోతుంటాయి. కడిగే శబ్దం పలచబడుతుంది, గిన్నెలు సగం సగమే శుభ్రపడతాయి, చివరికి "నీళ్లు రావట్లేదు" అన్న కోడ్ చూపించి ఆగిపోతుంది. మందు ఇదివరకు చెప్పిందే, పైపుని పైకి లేపి దించడం. నేల నుంచి ఆ వంపు దాదాపు 40 సెంటీమీటర్ల కన్నా తక్కువ, మీటరు కన్నా ఎక్కువ ఉండకూడదు. మీ మోడల్ పుస్తకంలో కచ్చితమైన కొలత ఉంటుంది, అది చూసుకోండి. పైపు చివరని నహానీలోకి బాగా దూర్చి, ఎం-సీల్‌తో మూసేయడం కూడా తప్పే. గాలి ఆడాలి.

ఇప్పుడు రెండో రకం. పైపులో మడత లేకపోయినా బకెట్‌లోకి కూడా నీళ్లు సరిగ్గా రాలేదనుకోండి. మళ్లీ ప్లగ్గు పీకి, ఫిల్టర్ తీయండి. మధ్యలో ఉండే గుండ్రటి ముక్కని గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిప్పితే వచ్చేస్తుంది, దాని కింద చదును జల్లెడ కూడా వస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో, వేడినీళ్లతో రుద్దండి. మన వంటల్లో ఫిల్టర్‌కి అడ్డంపడేవి వేరు. ఆ పుస్తకాలు రాసినవాళ్లకి పోపు గురించి తెలీదు. చింతపండు పీచు జల్లెడకి చాపలా అల్లుకుపోతుంది. పోపులో ఆవాలు, గిన్నెల మీదకి నీళ్లు చిమ్ముతూ తిరిగే రెక్కల చిల్లుల్లోకి సరిగ్గా సరిపోయే సైజు. మునక్కాడ పిప్పి, వంజరం ముల్లు, రొయ్య పొట్టు సరేసరి. అన్నిటికన్నా పెద్ద శత్రువు కరివేపాకు. గట్టి ముక్క అయితే జల్లెడ దగ్గరే ఆగుతుంది, కానీ ఉడికి మెత్తబడ్డ కరివేపాకు జల్లెడ సరిగ్గా కూర్చోకపోతే పక్కనుంచి జారి, పంపు నోటికి బిళ్లలా అతుక్కుంటుంది. పంపు లాగినకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఫిల్టర్ తీశాక గుంటలో చేయి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. గాజు పెంకులుంటే చేయి తెగుతుంది. ఆ గుంటలో ఒక పక్కకి చిన్న ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. చాలా మోడళ్లలో దాన్ని చెంచా కాడతో లేపితే ఊడుతుంది, కొన్నిట్లో ఒక స్క్రూ ఉంటుంది. దాని వెనకే పంపు రెక్కల చక్రం. కొత్త స్టీలు గిన్నె మీది స్టిక్కరు, పళ్లు కుట్టుకునే పుల్ల, నిమ్మగింజ, సీసా మూత కింది పల్చటి ప్లాస్టిక్ బిళ్ల, అన్నీ ఇక్కడే దొరికాయి నాకు. ఒకసారి చిన్నపిల్ల పట్టీ మువ్వ కూడా.

అడ్డం తీసేశాక చక్రాన్ని చెక్కపుల్లతో మెల్లగా తిప్పండి. అది ఫ్యానులా జారుగా తిరగదు, కుదుపు కుదుపుగా, ఆగి ఆగి తిరుగుతుంది. "పట్టేసింది" అని దీన్ని చూపించే పంపు అమ్మేవాళ్లున్నారు. అది పట్టేయడం కాదు, లోపల అయస్కాంతం లాగే లాగుడు. ఆ కుదుపు ఉంటే మంచిది. కుదుపు అసలు లేకుండా గిరగిరా తిరిగితే ఇరుసు విరిగిందన్నమాట, అప్పుడు పంపు మార్చాల్సిందే. ఎటు తిప్పినా కదలకపోతే ఇంకా ఏదో చిక్కుకుని ఉంది, లేదా చాలా రోజులు వాడకుండా వదిలేస్తే బోరు నీళ్ల సున్నం పట్టేసి ఉంటుంది. మూత మళ్లీ పెట్టేటప్పుడు టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కండి. మూత వదులుగా ఉంటే పంపు ఎంత బాగున్నా నీళ్లు నెట్టలేదు, అక్కడక్కడే గిలకొడుతుంది.

శబ్దం విని కూడా కొంత పోల్చుకోవచ్చు. నీళ్లు వదిలే సమయంలో మూలుగు మాత్రమే వచ్చి నీళ్లు కదలకపోతే చక్రం చిక్కుకుంది. చడీచప్పుడూ లేకపోతే పంపుకి కరెంటు అందట్లేదు లేదా దాని కాయిల్ కాలింది. మల్టీమీటర్ ఉన్నవాళ్లయితే ప్లగ్గు పీకి, పంపు వైర్లు విప్పి కొలిస్తే మామూలుగా వంద, రెండొందల ఓంల మధ్య చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. మామూలుగానే హోరుమంటూ తిరిగి నీళ్లు పోకపోతే పైపు మూసుకుంది.

కోడ్ కనిపిస్తే రాసుకోండి. బాష్, సీమెన్స్ మెషిన్లలో ఇ24 అంటే నీళ్లు పోవట్లేదని, ఇ25 అంటే పంపు చిక్కుకుందని లేదా దాని మూత ఊడిందని. ఎల్‌జీలో ఓఈ, సామ్‌సంగ్‌లో 5సీ డ్రెయిన్ గురించే. ఏ కోడ్ అయినా లక్షణం చెప్తుంది, కారణం చెప్పదు. ఇ24 చూడగానే పంపు ఆర్డర్ పెట్టేవాళ్లు ఇది మర్చిపోతారు.

డ్రెయిన్ సంగతి ఇంతటితో పక్కనపెట్టి తడి విషయానికి వస్తాను. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని ఊరికే అనలేదు. మన వంటిళ్లలో నేల కాస్త వాలుగా వేస్తారు. మెషిన్ వెనక కుడి మూల కారిన నీరు కిందనుంచి పాకి ఎదురుగా ఎడమ కాలి దగ్గర తేలొచ్చు. కాబట్టి తడిసిన చోటు చూసి లీకు అక్కడే అనుకోవద్దు. నేను చేసేదేమిటంటే, మెషిన్ ముందూ పక్కలా నేల ఆరిపోయేలా తుడిచి, చుట్టూ పల్చగా ముగ్గుపిండితో గీత గీస్తాను. కింది పలక విప్పగలిగితే లోపలికి పాత న్యూస్‌పేపర్లు తోస్తాను. ప్రోగ్రాం పెట్టి పావుగంటకోసారి టార్చి వేసి చూస్తే గీత ఏ వైపు ముందు చెమ్మగిల్లిందో, పేపరు ఎక్కడ ముందు తడిసిందో తెలుస్తుంది.

దాంతోపాటు రెండు ప్రశ్నలు. ఆ నీళ్లు ఎలాంటివి? ఎప్పుడు వచ్చాయి? చల్లగా, శుభ్రంగా ఉండి, మెషిన్ ఆపేసినా కారుతుంటే కుళాయి వైపు లీకు. వాషర్ అరిగింది లేదా యాంగిల్ కాక్ మర దగ్గర కారుతోంది. వేడిగా, జిడ్డుగా, కడిగే సమయంలోనే వస్తే తలుపు లేదా లోపలి పంపుల సీళ్లు. నీళ్లు బయటికి వదిలే నిమిషంలో మాత్రమే వస్తే డ్రెయిన్ పైపుకి చిల్లు పడింది, లేదా ఇంటి వేస్ట్ పైపు పొంగుతోంది. ఈ మూడూ తేలకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

కుళాయి సంగతి తొందరగా ముగిస్తాను. వాషర్ మార్చండి. మర మీద టెఫ్లాన్ టేపు పనికొస్తుంది కానీ చదునుగా రబ్బరు కూర్చునే చోట టేపు వేయనక్కర్లేదు. పైపు మొదట్లో డబ్బాలాంటిది ఉంటే అది పైపు పగిలితే నీళ్లు ఆపే ఏర్పాటు, లోపల కరెంటు వైర్లు కూడా ఉండొచ్చు. ఆ పైపుని కత్తిరించి పొట్టి చేయొద్దు. మీరు నాలుగో అంతస్తు కాబట్టి ఒక మాట. కుళాయి కన్నా ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. చాలా మెషిన్లు కనీసం అర బార్ కావాలంటాయి, అంటే ఐదు మీటర్ల ఎత్తు. పై అంతస్తుల్లో అది చాలక ప్రెషర్ పంపు పెట్టుకుంటారు. ఆ ప్రెషర్ పంపు రాత్రి ఎవరూ కుళాయి తిప్పకుండానే గంటకోసారి మొరుగుతుంటే, ఇంట్లో ఎక్కడో నీళ్లు కారుతున్నాయని అర్థం.

తలుపు కింద తడి అన్నారు కాబట్టి అక్కడ ఆగుదాం. తలుపుకి పైనా రెండు పక్కలా రబ్బరు ఉంటుంది, కింది అంచున మాత్రం చాలా మెషిన్లలో అలా గట్టిగా మూసే రబ్బరు ఉండదు, ఒక పట్టీ మాత్రమే ఉంటుంది. మామూలుగా నీటిమట్టం అక్కడిదాకా రాదు కాబట్టి అది చాలు. అందుకే మట్టం పెరిగినా, నురగ లేచినా ముందు అక్కడినుంచే బయటపడుతుంది.

నురగ ఎక్కడిది అంటారా? డిష్‌వాషర్ పొడి అయిపోయిందని సింకు దగ్గరున్న గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలే కదా అని పోసేవాళ్లు ఒక రకం. రెండో రకం ఇంకా ఎక్కువ. పనావిడ ముందు సబ్బుతో ఒకసారి తోమి, సరిగ్గా తొలవకుండా మెషిన్‌లో సర్దుతుంది. ఆ సబ్బంతా లోపల నురగవుతుంది. సబ్బు పెట్టి తోమాక ఇక మెషిన్ ఎందుకో నాకర్థం కాదు, మెతుకులు దులిపి పెడితే చాలు. నురగ వచ్చేస్తే ప్రోగ్రాం క్యాన్సిల్ చేసి, అరగంట తలుపు తీయకుండా వదిలేయండి. తర్వాత మిగిలిన నురగ తోడి, అర గ్లాసు తెల్ల వెనిగర్ పోసి, పొడి వేయకుండా ఒక రిన్స్ తిప్పండి. రెండుసార్లు పట్టొచ్చు. గిన్నెలు మరకల్లేకుండా ఆరడానికి పోసే రిన్స్ ఎయిడ్ డబ్బా మూత సరిగ్గా పడక ఒలికినా ఇదే జరుగుతుంది.

నురగ లేకపోతే ఎలా సర్దుతున్నారో చూడండి. కింది అరలో ముందు వరసలో వెడల్పాటి పళ్లెం గానీ, కుక్కరు మూత గానీ తలుపుకి ఎదురుగా నిలబెడితే, రెక్క చిమ్మే నీరంతా దానికి తగిలి తలుపు అంచుకి ఎగిరిపడుతుంది. పెద్ద కంచాలు వెనక్కి, గిన్నెలు ముందుకి పెట్టండి. గరిటె కాడ కిందకి జారి రెక్క తిరక్కుండా ఆగిపోతే నీళ్లన్నీ ఒకే వైపు కొడతాయి. రెక్కనే తీసి చెవి దగ్గర ఊపి చూడండి, లోపల ఆవాలు గలగలమంటే కడిగేయండి. రెక్క అతుకు దగ్గర చీలిక ఉంటే అక్కడినుంచి చిమ్మే ధార తిన్నగా తలుపు సందులోకి వెళ్తుంది. ఇది కంటికి తొందరగా దొరకని లోపం, నేనే రెండుసార్లు మోసపోయాను.

తర్వాత రసమట్టం. మేస్త్రీలు వాడేది ఒకటి అరువు తెచ్చుకుని తలుపు తీసి లోపలి అంచు మీద పెట్టండి. ముందుకి వాలి ఉంటే నీళ్లు తలుపు మీదకి వస్తాయి. పండక్కి మెషిన్ కదిలించారు కాబట్టి కాళ్లు ఎక్కడో దిగి ఉండొచ్చు. కాళ్ల మరలు తిప్పి సరిచేయండి. రబ్బరు విషయానికి వస్తే, ఎక్కువసార్లు అది పోయి ఉండదు, జిడ్డు పట్టి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డతో మడతల్లోకి తుడవండి. చేత్తో నొక్కితే మళ్లీ లేవకుండా చెక్కలా ఉంటే, లేదా చిట్లి ఉంటే అప్పుడు మార్చాలి. బోరు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లలో సున్నం పట్టి తొందరగా బిరుసెక్కుతుంది. అలాంటి ఇళ్లలో, నీళ్ల సున్నం తగ్గించడానికి మెషిన్ అడుగున ఉండే ఉప్పు డబ్బా ఖాళీగా ఉంచకండి. ఉప్పు పోసేటప్పుడు ఒలికితే వెంటనే ఒక ప్రోగ్రాం తిప్పండి, లేకపోతే స్టీలుకి కూడా మచ్చలు పడతాయి. ఆ డబ్బా మూత మర తప్పి బిగిస్తే ఉప్పు నీరు కారుతూ గిన్నెలు తెల్లగా వస్తాయి.

కింది పలక దగ్గర అన్నీ పొడిగా ఉండి, ప్రోగ్రాం పెట్టగానే మెషిన్ కడగకుండా డ్రెయిన్ పంపు మాత్రం ఆగకుండా తిరుగుతుంటే సంగతి వేరు. మెషిన్ అడుగున ఒక పళ్లెం ఉంటుంది, దాంట్లో థర్మకోల్ తేలుడు ముక్క ఉంటుంది. లోపల ఎక్కడ కారినా ఆ పళ్లెంలో చేరి, ముక్క తేలి, కింద స్విచ్ నొక్కుకుంటుంది. దాంతో మెషిన్ ఇక నీళ్లు పట్టదు. బాష్‌లో దీనికి ఇ15 వస్తుంది, ఎల్‌జీలో ఈ1, సామ్‌సంగ్‌లో ఎల్‌సీ. వీడియోల్లో చూపించినట్టు మెషిన్‌ని వెనక్కి వాల్చి నీళ్లు ఒంపేస్తే కోడ్ పోతుంది. లీకు మాత్రం పోదు. వారంలో మళ్లీ వస్తుంది. ఒంపాక, పక్క రేకు విప్పి ఏ గొట్టం దగ్గర తెల్లటి చారలు ఎండి ఉన్నాయో చూడాలి. ఎండిన చారే లీకు చిరునామా.

మన ఊళ్లో ఈ పళ్లెం నిండడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఉప్పు గాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉండే ఫ్లాట్లలో, ముఖ్యంగా మెషిన్ బాల్కనీ యుటిలిటీలో పెట్టినచోట, గొట్టాలని పట్టి ఉంచే స్ప్రింగు క్లాంపులు రెండు మూడేళ్లకే తుప్పు పట్టి పట్టు వదిలేస్తాయి. గొట్టం బాగానే ఉంటుంది, క్లాంపు చిటుక్కున విరుగుతుంది. స్క్రూతో బిగించే స్టెయిన్‌లెస్ స్టీలు వర్మ్ క్లాంపు వేస్తే ఆ చింత ఉండదు, మరీ బిగించి గొట్టం కోసేయకండి. మధురవాడలో ఈ బెడద కాస్త తక్కువే, మీ దగ్గర ఎలుకలు ఎక్కువ. ఖాళీ స్థలాల పక్కన అపార్ట్‌మెంట్లలో డక్టుల్లోంచి వచ్చి, మెషిన్ వెచ్చగా ఉంటుందని కింద చేరి డ్రెయిన్ పైపు కొరుకుతాయి. చిల్లు చుట్టూ పంటిగాట్లు, నల్ల పేడికలు ఉంటే మాట్లాడాల్సిన పనిలేదు. పైపు మార్చి, అది గోడలోంచి వెళ్లే కన్నాన్ని ఇనుప జాలీతో మూయండి. పైపుకి టేపు చుట్టి సరిపెట్టొద్దు, వేడినీళ్లకి వదిలేస్తుంది.

అన్నట్టు, తడి ప్రతిసారీ లీకే కానక్కర్లేదు. వేడిగా ఉన్నప్పుడే తలుపు తీస్తే ఆవిరి గ్రానైట్ అడుగున తగిలి చుక్కలు రాలుతుంది. మన ఊరి ఉక్కకి అది ఆరదు కూడా. పక్క కప్‌బోర్డు ప్లైవుడ్ పైఅంచు ఉబ్బి, కింద నేల పొడిగా ఉంటే ఆవిరే కారణం.

మీ విషయంలో నా ఊహ చెప్పమంటే చెప్తాను. పండగ రోజున మెషిన్‌ని నెట్టినప్పుడు డ్రెయిన్ పైపు నలిగింది. నీళ్లు పూర్తిగా పోవట్లేదు. కొన్ని మెషిన్లు లోపల ఎంత మిగిలిందో చూడకుండా కొలత ప్రకారం మళ్లీ మూడు నాలుగు లీటర్లు పట్టేస్తాయి. మట్టం పెరిగి, తలుపు కింది పట్టీ దాటి నేల మీదకి వచ్చింది. కదిలించినప్పుడు కాళ్ల మట్టం కూడా తప్పి ఉంటే అది ఇంకా తొందరగా వస్తుంది. అంటే రెండు రోగాలు కావు, ఒకటే. తడి రోజూ కాక రెండు మూడుసార్లే రావడం కూడా దీనికే సరిపోతోంది.

కాబట్టి వరసగా ఇలా చేయండి. ఈ రాత్రి మెషిన్ ముందుకి లాగి పైపు తడమండి. రేపు బకెట్ పరీక్ష. నీళ్లు దూకితే పసుపు నీళ్లు. దూకకపోతే ఫిల్టర్, పంపు మూత. చివర్లో రసమట్టం. గ్యారంటీ ఇంకా ఉంటే పంపు మూత దాకా మీరు చేసుకోవచ్చు, రేకులు మాత్రం విప్పొద్దు. మెషిన్ వేసినప్పుడల్లా ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంటే ఇవేవీ చేయకండి, నీళ్లు కరెంటు భాగాలకి తగులుతున్నాయి. ప్లగ్గు పీకేసి కంపెనీ మనిషిని పిలవండి.

అన్నీ చేశాక కూడా బకెట్‌లోకి సన్నటి ధారే వస్తే, చక్రం కుదుపు లేకుండా గిరగిరా తిరిగితే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజమే, పంపు మార్పించుకోండి. పాత పంపు మీ చేతికి ఇవ్వమనండి, దాని చక్రం మీరే వేలితో తిప్పి చూసుకోవచ్చు. బకెట్‌లో ఏమైందో, పైపు ఎక్కడ నలిగి ఉందో ఫోటోతో సహా ఇక్కడే పెట్టండి, తర్వాత ఏం చేయాలో చూసి చెప్తాను.